థైమస్ గడ్డ తీసేశాక కరెంటు పెట్టాలా, వద్దా? ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు ఎందుకంటారు

మా చిన్నాన్నది దామలచెరువు దగ్గర పల్లె. మామిడి తోట ఉంది, సీజన్‌లో మండీలో వ్యాపారం. పోయిన ఏడాది కాయలు అయిపోయే రోజుల్లో ఆయనకు ఎడమ కంటి రెప్ప వాలడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది, సాయంత్రానికి సగం మూసుకుపోయేది. కొన్నాళ్లకు కాటా మీద పెట్టిన ఒక క్రేటు రెండుగా కనిపించసాగింది. అద్దాలు మారిస్తే సరిపోతుందని తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆ డాక్టరు తల కదపకుండా కాసేపు పైకే చూస్తూ ఉండమన్నాడు. రెప్ప మెల్లగా దిగిపోవడం చూసి, ఇది కంటి జబ్బు కాదని నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. రక్తపరీక్షలో మయస్థీనియా గ్రేవిస్, అంటే కండలు త్వరగా అలిసిపోయి వాలిపోయే జబ్బు, అని తేలింది. ఛాతీకి సీటీ తీస్తే రొమ్ము ఎముక వెనక ఆరున్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు టెన్షన్ ఆ తర్వాతే. బయాప్సీ రిపోర్టు చూసి ఒక ఆసుపత్రిలో "25 సిట్టింగ్‌లు కరెంటు పెట్టించుకోవాలి" అన్నారు, అంటే రేడియేషన్. అదే ఫైలు పట్టుకుని ఇంకోచోటికి పోతే "గడ్డ మొత్తం వచ్చేసింది కదా, ఏటా స్కాన్ తీసి చూసుకుంటే చాలు" అన్నారు. ఆ రాత్రే చిన్నాన్న ఫోన్ చేశాడు. "రేయ్ అబ్బోడా, వీళ్లు పెట్టాలంటారు, వాళ్లు అక్కర్లేదంటారు. ఇద్దురూ పెద్ద డాక్టర్లే. ఎవుర్ని నమ్మేది?"

మన వైపు ఇలాంటి మాట రాగానే రెండు అనుమానాలు పుడతాయి: ఒకరికి తెలీదు, లేదా ఇంకొకరు డబ్బు కోసం చెబుతున్నారు. ఈ జబ్బులో మాత్రం రెండూ కాకుండానే రెండు జవాబులు రావచ్చు. ఎందుకు వస్తాయో తెలియాలంటే గడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

చిన్నప్పుడు పనిచేసి, పెద్దయ్యాక కొవ్వుగా మారే గ్రంథి

థైమస్ గ్రంథి రొమ్ము మధ్య ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉంటుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్నే బాలగ్రంథి అన్నారు. పేరు సరిగ్గా అతికింది, ఎందుకంటే దీని పనంతా చిన్నతనంలోనే. రోగనిరోధక శక్తిలో ముఖ్యమైన టీ కణాలకు ఇది బడి లాంటిది. ఏది మన ఒంటిది, ఏది బయటిది అన్నది అవి ఇక్కడే నేర్చుకుంటాయి. యుక్తవయసు దాటాక గ్రంథి కుంచించుకుపోయి చాలావరకు కొవ్వుగా మారిపోతుంది.

ఈ గ్రంథి లోపలి పొర కణాల నుంచి పుట్టే గడ్డను థైమోమా అంటారు. చాలా అరుదు. అమెరికా లెక్కల ప్రకారం ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఇంతకంటే దూకుడుగా పెరిగేది థైమిక్ కార్సినోమా, అది ఇంకా అరుదు.

టీ కణాల బడి చెడిపోతే, తప్పు చదువు చదివిన కణాలు బయటికొచ్చి సొంత ఒంటి మీదే దాడికి దిగుతాయి. నరం నుంచి కండకు వెళ్లే సంకేతాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు తయారవుతాయి. మయస్థీనియా అంటే అదే. థైమోమా ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ మందికి ఈ జబ్బు ఉంటుంది. మయస్థీనియా ఉన్నవాళ్లలో మాత్రం నూటికి 10-15 మందికే థైమోమా కనిపిస్తుంది. అందుకే రెప్ప వాలినవాళ్లందరికీ ఛాతీ సీటీ తీస్తారు, గడ్డ మాత్రం కొందరిలోనే దొరుకుతుంది.

"ఇది క్యాన్సరా, కాదా?" అన్నది ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న. పాత రోజుల్లో పైపొర దాటని థైమోమాను మామూలు గడ్డ అనేవారు. ఇప్పుడు దాదాపు అన్ని థైమోమాలనూ పాకే గుణం ఉన్నవిగానే లెక్కిస్తారు. అయితే చాలావాటిలో ఆ గుణం చాలా నిదానం. తిరగబెట్టేది పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. తర్వాత వచ్చే గందరగోళంలో సగానికి కారణం ఈ నిదానమే.

రిపోర్టులో చూడాల్సిన మూడు మాటలు

బయాప్సీ రిపోర్టు రెండు మూడు పేజీలుంటుంది. రేడియేషన్ నిర్ణయమంతా అందులో మూడు మాటల చుట్టూ తిరుగుతుంది: రకం, దశ, అంచు.

రకం అంటే మైక్రోస్కోపు కింద కణాలు ఎలా కనిపించాయన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఏ, ఏబీ, బీ1, బీ2, బీ3 అని ఉంటాయి. స్థూలంగా చెబితే ఏ వైపున్నవి సాధువులు, బీ3 వైపు పోయేకొద్దీ మొండివి. థైమిక్ కార్సినోమాను వేరుగా పెడతారు.

దశ అంటే గడ్డ ఎంతవరకు పాకిందన్నది. ఎక్కువ రిపోర్టుల్లో మసావోకా-కోగా దశ రాస్తారు. మసావోకా అనే జపాన్ సర్జన్ 1981లో దీన్ని ప్రతిపాదించాడు, 1994లో కోగా బృందం సవరించింది. మొదటి దశలో గడ్డ తన పైపొర లోపలే ఉంటుంది, బాగా చుట్టిన పొట్లంలా. 2ఏలో పొరను దాటిన కణాలు మైక్రోస్కోపులో మాత్రమే కనిపిస్తాయి. 2బీలో చుట్టూ ఉన్న కొవ్వులోకి పాకినట్టు కంటికే తెలుస్తుంది. మూడో దశలో పక్క అవయవాన్ని పట్టుకుంటుంది: గుండె చుట్టూ ఉండే పొర, ఊపిరితిత్తి, పెద్ద రక్తనాళాలు. 4ఏలో ఊపిరితిత్తులను కప్పే ప్లూరా పొర మీదో, గుండె పొర మీదో చిన్న చిన్న ముద్దలుగా చల్లినట్టు పడుతుంది. 4బీలో లింఫ్ గ్రంథులకో దూరపు అవయవాలకో చేరుతుంది.

ఇక్కడొక తిరకాసుంది. అదే రిపోర్టులో కింద టీఎన్ఎమ్ దశ అని ఇంకొకటి ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ, రొమ్ము క్యాన్సర్‌లోనూ వాడే పద్ధతే ఇది. 2017 నుంచి థైమస్ గడ్డలకూ వచ్చింది. మసావోకా లెక్కలో 2బీ అయిన మనిషి, పక్క అవయవాలకూ లింఫ్ గ్రంథులకూ ఏమీ అంటకపోతే, టీఎన్ఎమ్ లెక్కలో మొదటి దశలోనే ఉంటాడు. మా చిన్నాన్న ఫైల్లో సరిగ్గా ఇదే. పైన "2బీ", కింద "స్టేజ్ 1". మా పిన్ని ఆ రెండో లైను చూసి "తగ్గిపోయింది కదరా" అని ఒక పూట సంతోషపడింది. గడ్డ అదే, కొలిచిన పద్ధతి వేరు.

మూడోది అంచు. తీసిన గడ్డ చుట్టూ పాథాలజిస్టు రంగు సిరా పూసి, కోసి, మైక్రోస్కోపులో చూస్తారు. సిరా దగ్గర కణితి కణం లేకపోతే ఆర్0. సిరాకు తగిలితే ఆర్1, అంటే కంటికి కనబడనంత మిగిలిందన్నమాట. సర్జన్ కళ్లారా చూస్తూనే తీయలేక వదిలేసింది ఉంటే ఆర్2. ఈ గడ్డల్లో మనిషి భవిష్యత్తును అన్నిటికంటే గట్టిగా నిర్ణయించేది ఇదే. జపాన్‌లో కోండో, మోండెన్ అనే ఇద్దరు సర్జన్లు అనేక ఆసుపత్రుల నుంచి 1,320 మంది వివరాలు సేకరించి 2003లో ప్రచురించారు. అందులో మూడు, నాలుగు దశల థైమోమాలో గడ్డ పూర్తిగా తీయగలిగినవాళ్లలో ఐదేళ్ల తర్వాత నూటికి 93 మంది ఉన్నారు. కొంత మిగిలిపోయినవాళ్లలో 64 మంది. ఆపరేషనే కుదరనివాళ్లలో 36 మంది. థైమస్ గడ్డకు అసలు వైద్యం సర్జరీ అని ఈ మూడు అంకెలే చెబుతాయి. రేడియేషన్ దానికి తోడు.

కరెంటు అంటే ఏం పెడతారు

పేషెంట్లు దీన్ని కరెంటు అంటారు గానీ షాక్ లాంటిదేమీ ఉండదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం నుంచి బలమైన ఎక్స్-కిరణాలు వస్తాయి. ముందు ఒక ప్లానింగ్ సీటీ తీసి, సర్జన్ ఆపరేషన్‌లో వదిలిన చిన్న లోహపు క్లిప్పులను గుర్తుగా పెట్టుకుని, గడ్డ ఉన్న చోటును గీస్తారు. చర్మం మీద చిన్న చుక్కలు పెడతారు. తర్వాత రోజూ కాసేపు బల్ల మీద కదలకుండా పడుకోవడమే. నొప్పి తెలీదు.

మోతాదును గ్రేలలో కొలుస్తారు. అంచు శుభ్రంగా ఉంటే 45 నుంచి 50 గ్రేలు, సూక్ష్మంగా మిగిలితే 54 గ్రేల దాకా, కంటికి కనిపించేంత మిగిలితే 60, ఆ పైన. రోజుకు 1.8 లేదా 2 గ్రేలు. 50ని 2తో భాగిస్తే 25 సిట్టింగ్‌లు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు. సాధారణంగా ఆపరేషన్ అయిన మూడు నెలల్లోపు మొదలుపెడతారు.

ఎవరూ గొడవపడని రెండు చివర్లు

ఒక చివర మొదటి దశ, ఆర్0. పొట్లం పొట్లంగా వచ్చేసిన గడ్డ. కోండో-మోండెన్ లెక్కలో ఇలాంటివాళ్లలో తిరగబెట్టింది నూటికి ఒక్కరికి కూడా కాదు, 0.9 శాతం. ఇక్కడ రేడియేషన్ అక్కర్లేదన్న మాట మీద అమెరికా, యూరప్, జపాన్ ఒక్కటే.

ఇంకో చివర ఆర్1, ఆర్2. కొంత మిగిలిందని తెలుసు కాబట్టి పెట్టాలనే అంటారు. థైమిక్ కార్సినోమా కూడా ఎక్కువగా ఈ చివరకే మొగ్గుతుంది. 2015లో వచ్చిన జపాన్ జాతీయ రిజిస్ట్రీ అధ్యయనంలో రెండు, మూడు దశల కార్సినోమాకు సర్జరీ తర్వాత రేడియేషన్ ఇచ్చినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. మొత్తం ఆయుష్షులో మాత్రం తేడా తేలలేదు.

మధ్యలో ఉన్నదే చిక్కు: రెండో దశ, మూడో దశ, గడ్డ పూర్తిగా తీసేసిన థైమోమా. చిన్నాన్న అక్కడున్నాడు.

నూరు మందిని నిలబెట్టి లెక్క వేస్తే

రెండో దశలో పూర్తిగా తీసేసినవాళ్లలో కోండో-మోండెన్ లెక్క ప్రకారం తిరగబెట్టింది 4.1 శాతం. నూరు మంది అనుకుందాం. రేడియేషన్ లేకుండానే 96 మందికి గడ్డ తిరిగి రాదు. నలుగురికి వస్తుంది. ఆ నలుగురు ఎవరో ముందుగా తెలీదు కాబట్టి పెడితే నూరు మందికీ పెట్టాలి.

ఇప్పుడు ఆ నలుగురినే చూద్దాం. థైమోమా తిరగబెట్టేటప్పుడు ఎక్కువగా ప్లూరా మీద వస్తుంది, అంటే ఊపిరితిత్తి పక్కనో, కిందో, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం కండ మీదో. రేడియేషన్ పెట్టేది గడ్డ ఉన్న చోటికి, ఛాతీ మధ్యలో. ఇంటి ముందు కంచె వేస్తే పెరటి గోడ దూకి వచ్చినట్టు. కాబట్టి నలుగురిలో ఇద్దరికి ప్లూరా మీద వచ్చిందనుకుంటే, రేడియేషన్ ఎంత బాగా పనిచేసినా కాపాడగలిగేది మిగిలిన ఇద్దరినే. ఈ సగం నా ఊహ, లెక్క అర్థం కావడానికి. ఇద్దరి కోసం 98 మంది ఐదు వారాలు తిరగాలి, గుండె మీదుగా కిరణాలు పోనివ్వాలి.

మూడో దశకు వస్తే అదే అధ్యయనంలో తిరగబెట్టింది 28.4 శాతం. నూటికి 28 మంది. ఇక్కడా సగం మందినే కాపాడగలదనుకున్నా 14 మంది అవుతారు. అందుకే ఒకే రేడియేషన్ రెండో దశలో దండగలా, మూడో దశలో అవసరంలా కనిపిస్తుంది. యూరప్ మార్గదర్శకాల ధోరణి కూడా ఇదే. రెండో దశలో మామూలుగా వద్దు, 2బీ అయి రకం బీ2, బీ3 లాంటి మొండిదైతే ఆలోచించవచ్చు, మూడో దశలో ఇవ్వడం మంచిది. అమెరికా మార్గదర్శకాలు రెండో దశ నుంచే "కన్సిడర్" అంటాయి. ఆ ఒక్క మాటలో ఎంత చోటుందంటే, దాన్ని చదివి ఒక డాక్టరు పెట్టమనవచ్చు, ఇంకో డాక్టరు వద్దనవచ్చు, ఇద్దరూ గైడ్‌లైన్ ప్రకారమే నడిచినట్టు.

అయితే ఇంత చేసిన అదే కోండో-మోండెన్ అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. పూర్తిగా తీసేసిన రెండు, మూడు దశల్లో రేడియేషన్ ఇచ్చినా స్థానికంగా తిరగబెట్టడం పెద్దగా ఆగలేదని. అంటే నేను పైన వేసిన 14 మంది లెక్క కూడా ఆశే తప్ప రుజువు కాదు.

అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లు, బస్సెక్కేవాళ్లు

మరి పెట్టాలనేవాళ్ల దగ్గర ఏముంది? వాళ్ల దగ్గరా బలమైన అంకెలే ఉన్నాయి. థైమస్ గడ్డల మీద పనిచేసే అంతర్జాతీయ డాక్టర్ల బృందం ఐటీఎంఐజీ తన డేటాబేస్ నుంచి 1,263 మందిని తీసుకుంది. అందరూ రెండు, మూడు దశలవాళ్లే, గడ్డ పూర్తిగా తీసేసినవాళ్లే. 2016లో వచ్చిన ఆ లెక్కలో పదేళ్ల తర్వాత రేడియేషన్ తీసుకున్నవాళ్లలో నూటికి 86 మంది ఉన్నారు, తీసుకోనివాళ్లలో 79 మంది. అమెరికా జాతీయ క్యాన్సర్ డేటాబేస్‌లో 4,056 మంది మీద 2017లో వచ్చిన విశ్లేషణ కూడా ఇదే వైపు చూపింది. ముఖ్యంగా 2బీ, మూడో దశ, అంచు శుభ్రంగా లేనివాళ్లలో ఆయుష్షు మెరుగ్గా ఉంది.

ఇదే ప్రశ్నకు జపాన్ జాతీయ రిజిస్ట్రీ నుంచి, కార్సినోమావాళ్లనూ కలిపి 1,265 మందితో, 2015లో వచ్చిన ఆ అధ్యయనమే థైమోమా విషయంలో ఏ లాభమూ చూపలేదు. తిరగబెట్టడంలోనూ లేదు, ఆయుష్షులోనూ లేదు. దాదాపు ఒకే సంఖ్య మనుషులు, జవాబు మాత్రం తలకిందులు.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే తిరుమల కొండ దగ్గర కాసేపు నిలబడితే చాలు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి పైకి చేరినవాళ్లను ఒక పక్క, బస్సులో చేరినవాళ్లను ఇంకో పక్క నిలబెట్టి గుండె పరీక్షలు చేశామనుకోండి. మెట్లెక్కినవాళ్ల గుండెలే బాగుంటాయి. మెట్ల వల్లే బాగయ్యాయని అనగలమా? గుండె బాగున్నవాళ్లే మెట్లవైపు పోయారు. ఆయాసం ఉన్నవాళ్లు, ముసలివాళ్లు బస్టాండులోనే లైన్లో నిలబడ్డారు. రేడియేషన్ విషయంలోనూ అంతే. ఆపరేషన్ తర్వాత తేరుకుని, ఐదు వారాలు తిరగగలిగే ఓపిక ఉన్నవాళ్లే సిట్టింగ్‌లకు చేరతారు. బలహీనులకు డాక్టరే వద్దంటాడు. పదేళ్ల తర్వాత కనిపించే ఆ ఏడుగురి తేడాలో కిరణాల వాటా ఎంత, ముందునుంచీ ఉన్న ఆరోగ్యం వాటా ఎంత అన్నది ఆ అంకె చెప్పలేదు. థైమోమా నిదానం జబ్బు కాబట్టి ఆ పదేళ్లలో పోయినవాళ్లలో చాలామంది వేరే కారణాలతో పోయి ఉండవచ్చు.

ఈ పొరపాటు ఇంకో వైపుకీ జరుగుతుంది. జబ్బు నయమైతే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నవాళ్లు కూడా మెట్ల దారిలోనే ఉంటారు. ఒకరోజు వాళ్లను మాత్రమే లెక్కేస్తే మెట్లెక్కితేనే జబ్బులు వస్తాయన్నట్టు తేలుతుంది. రేడియేషన్‌కు పంపేది కూడా తరచుగా గడ్డ మొండిగా, అంచు ఇరుకుగా ఉన్నవాళ్లనే. వాళ్లలో మళ్లీ గడ్డ రావడం ఎలాగూ ఎక్కువ. అప్పుడు రేడియేషన్ పనిచేసినా పనిచేయనట్టే కనిపిస్తుంది. జపాన్ లెక్కల్లో ఇది ఎంతో కొంత ఉండి ఉండాలి. గణిత పద్ధతులతో కొంత సర్దుబాటు చేస్తారు, పూర్తిగా చేయలేరు.

సరైన జవాబు కావాలంటే చీటీలు వేసినట్టు, సగం మందికి పెట్టి సగం మందికి పెట్టకుండా చాలా ఏళ్లు చూడాలి. పది లక్షల్లో ఒకరిద్దరికి వచ్చే జబ్బుకు అంతమందిని పోగుచేయడమే పెద్ద పని. ఫ్రాన్స్‌లో రిథ్మిక్ అనే జాతీయ నెట్‌వర్క్ ఇలాంటి పరీక్షను రేడియోరిథ్మిక్ పేరుతో మొదలుపెట్టింది. 2బీ, మూడో దశల్లో గడ్డ పూర్తిగా తీసేసిన థైమోమా పేషెంట్లను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు 50-54 గ్రేలు, ఇంకో గుంపుకు స్కాన్‌లు. చేర్చుకోవాలనుకున్నది 300 మందికి పైగా. తిరగబెట్టడానికే ఏళ్లు పట్టే జబ్బులో పరీక్ష కూడా ఏళ్లు పడుతుంది.

గుండె మీద పడే నీడ

లాభం ఖాయంగా తెలియనప్పుడు నష్టం లెక్క బరువెక్కుతుంది. రేడియేషన్ రోజుల్లో వచ్చేవి చాలావరకు తట్టుకోగలిగినవే: అలసట, మింగేటప్పుడు మంట, ఛాతీ మీద చర్మం కాస్త నల్లబడటం. అయిపోయిన కొన్ని వారాల నుంచి ఆరు నెలల లోపు కొందరికి ఊపిరితిత్తి వాచి పొడి దగ్గు, ఆయాసం రావచ్చు.

అసలు బెంగ గుండె గురించి, అదీ పది, ఇరవై ఏళ్ల తర్వాత. థైమస్ కూర్చునే చోటే గుండెకు ఎదురుగా, కాస్త పైన. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్ల మీద 2013లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో, గుండెకు సగటున పడిన ప్రతి ఒక్క గ్రేకు పెద్ద గుండె సమస్యల రిస్కు 7.4 శాతం చొప్పున పెరిగింది. మన లెక్కకు దాన్ని ఉజ్జాయింపుగా అరువు తెచ్చుకుందాం. గుండెకు సగటున 10 గ్రేలు పడ్డాయనుకుంటే రిస్కు 74 శాతం పెరుగుతుంది.

వినడానికి భయంగా ఉంది కానీ, ఎంత మీద 74 శాతం అన్నది చూడాలి. బీపీ, షుగర్ లేని, బీడీ ముట్టని మనిషికి ముందే ఉన్న రిస్కు నూటికి 2 అనుకుంటే అది 3.5 అవుతుంది. షుగరుండి, చుట్ట తాగుతూ, ముందే నూటికి 10 ఉన్న మనిషికి 17 దాటుతుంది. రెండోవాడికి అదే కిరణాలు నూటికి 7 మంది చొప్పున కొత్త ముప్పు తెస్తే, మొదటివాడికి ఒకటిన్నర. ఇక వయసు. 28 ఏళ్ల అమ్మాయికి ముందున్నది యాభై ఏళ్లు, ఆలస్యంగా వచ్చే గుండె జబ్బుకూ, రేడియేషన్ వల్ల వచ్చే ఇంకో క్యాన్సర్‌కూ తీరిగ్గా రావడానికి బోలెడు కాలముంది. 70 ఏళ్ల పెద్దాయనకు ఆ బెంగ తక్కువ, కానీ నిదానంగా పెరిగే థైమోమా ఆయన జీవితకాలంలో తిరగబెట్టే అవకాశమూ తక్కువే. కత్తెర రెండు వైపులా కోస్తుంది.

కొత్త పద్ధతులు ఈ నష్టాన్ని తగ్గిస్తున్నాయి. 1980లలో ఛాతీ మీద పెద్ద చతురస్రం గీసి పెట్టిన కిరణాలకూ, ఇప్పుడు ఐఎంఆర్‌టీతో గడ్డ ఆకారానికి మలిచి పెట్టేవాటికీ పోలికే లేదు. ఊపిరి నిండా పీల్చి బిగబట్టినప్పుడు మాత్రమే కిరణం పెట్టి గుండెను దూరం జరిపే పద్ధతి కూడా ఉంది. మయస్థీనియా ఉన్నవాళ్లకు ఊపిరి బిగబట్టడం అంత తేలిక కాదన్నది వేరే సంగతి. అంటే నష్టం మీద మనకున్న అంకెలు చాలావరకు పాత యంత్రాలవి. ఇప్పటి మనిషికి నిజంగా ఎంత పడుతుందో అతని ప్లానింగ్ సీటీ మీద వేసిన లెక్కలోనే తెలుస్తుంది. ఆ అంకె ఫైల్లో ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ.

కన్ను తెరుచుకోవడానికీ దీనికీ సంబంధం లేదు

"కరెంటు పెడితే రెప్ప లేస్తుందా?" అని పిన్ని అడిగింది. లేవదు. రేడియేషన్ గురి పెట్టేది మిగిలిపోయి ఉండగల గడ్డ కణాల మీద. మయస్థీనియాకు కారణమైన ప్రతిరక్షకాలు రక్తంలో తిరుగుతుంటాయి, వాటి వైద్యం మాత్రలతో. థైమస్ తీసేశాక చాలామందికి మందుల మోతాదు తగ్గుతుంది, అదీ నెలలు, సంవత్సరాల మీద. కొందరికి గడ్డ తీసేశాకే మయస్థీనియా మొదటిసారి బయటపడుతుంది కూడా.

బస్సు, సత్రం, మామిడి కాయలు

కాగితాల్లో ఎక్కడా రాయని లెక్క ఒకటుంది. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. పోనూ రానూ 140, దాన్ని 25 రోజులతో హెచ్చిస్తే 3,500 కిలోమీటర్లు. వేలూరు దగ్గరే, కానీ పలమనేరు, పుంగనూరు అవతల నుంచి వచ్చేవాళ్లకు రెండూ దూరమే. ఒకప్పుడు క్యాన్సర్ అంటే మనవాళ్లకు వేలూరో మద్రాసో తప్ప తెలీదు. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2022లో మొదలైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ ఉంది. రేడియేషన్ ప్యాకేజీలు ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి. అయినా ఐదు వారాలు తోడు వచ్చే మనిషి కూలి, రూము అద్దె ఏ పథకంలోనూ రావు. లాభం స్పష్టంగా ఉన్నచోట ఇవన్నీ చిన్నవే. లాభమే నూటికి ఇద్దరా, ఎవరూ లేరా అన్నచోట ఇవి కూడా లెక్కలోకి వస్తాయి, రావాలి కూడా అని నా అభిప్రాయం.

చిన్నాన్న రిపోర్టు మళ్లీ తీసి చూశాం. రకం బీ2. దశ 2బీ. ఆర్0, అయితే గుండె పొర వైపు అంచుకు గడ్డకు మధ్య ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. వయసు 56, షుగర్ లేదు, చుట్ట మానేసి పదేళ్లయింది. పెట్టాలన్న డాక్టరును ఎందుకని అడిగితే ఆ మిల్లీమీటరును, బీ2ను చూపించాడు. వద్దన్న డాక్టరును అడిగితే ఆయనా దాచలేదు. "అంచు ఇరుకే, కాదనను. కానీ ఆర్0యే కదా. తిరగబెట్టే అవకాశం నూటికి నాలుగు, ఐదు. అదీ ప్లూరాలో వస్తే ఇది ఆపదు" అన్నాడు. ఇద్దరూ చూసింది ఒకే కాగితం. ఒకాయన మిల్లీమీటరుకు బరువిచ్చాడు, ఒకాయన గుండెకు.

చిన్నాన్న అంతా విని ఒక్కటే అడిగాడు. "కాయలు అయినాక వచ్చి పెట్టించుకుంటే కుదరదా సార్?" ఆపరేషన్ జనవరిలో అయింది, తోతాపురి జూన్‌లో గానీ మండీకి రాదు. అన్నాళ్లు ఆగితే పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే అని డాక్టరు నవ్వాడు. మార్చిలో మొదలుపెట్టి 25 సిట్టింగ్‌లు పూర్తిచేశాడు. ఆ మిల్లీమీటరు గుర్తొస్తే నిద్ర పట్టడం లేదని, అందుకే పెట్టించుకున్నానని చెప్పాడు. మూడో వారంలో సంగటి మింగడం కష్టమై, వారం పది రోజులు మజ్జిగన్నంతో గడిపాడు.

ఈ సీజన్‌కు మండీలోనే ఉన్నాడు. సాయంత్రమైతే ఎడమ కంటి రెప్ప ఇప్పటికీ కొంచెం వాలుతుంది. నాలుగు గంటలకు పిరిడోస్టిగ్మిన్ అనే మయస్థీనియా బిళ్ల ఒకటి వేసుకుని, రెప్ప లేచేదాకా కాటా పక్కన కూర్చుంటాడు.